నాగనాథ్ భావు ఆదివారం సింక్

నాందేడ్ పాత మోంఢా బజారులో ఒక బట్టల దుకాణంలో గజం బద్ద పట్టుకుని ఇరవై రెండేళ్ళు నిలబడ్డ నాగనాథ్‌కు నలభై ఎనిమిదో ఏట కంప్యూటర్ నిపుణుడనే పేరొచ్చింది. ఆయన కంప్యూటర్ ఎక్కడ నేర్చుకున్నాడని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆయన కూడా కాసేపు ఆలోచించాల్సి వచ్చేది.

పేరు రావడానికి కారణం ఒక డబ్బీ. అరచేతిలో ఇమిడే యంత్రం. బూడిద రంగు తెర, దానిమీద గీకడానికి ఒక ప్లాస్టిక్ పుల్ల, వెనకాల రెండు సన్న సెల్లులు. పుణెలో ఏదో ఆఫీసువాళ్ళు పాతబడిందని మూల పడేస్తే, తెలుగు సమాజ మండలి అధ్యక్షుడు అంబదాస్ మేనల్లుడు అనికేత్ అడిగి తెచ్చుకున్నాడు. తెచ్చి, మండలి గదిలో దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటర్లో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, ఈ రెండింటినీ ఒక తీగతో కలిపాడు. లినక్స్ ఎందుకంటే, అది ఊరికే వస్తుంది. ఊరికే వచ్చేదాన్ని మండలి ఏనాడూ కాదన్నది లేదు.

మండలి చేసే పని నిజానికి ఒక్కటే, సంబంధాలు చూడటం. మాహూర్ నుంచి ధర్మాబాద్ దాకా ఉన్న తెలుగు ఇళ్ళలో పెళ్ళీడు పిల్లల వివరాలు రాసిపెట్టుకుని, కార్తీకంలో తులసి పెళ్ళి కాగానే మేళావా, అంటే పెళ్ళిచూపుల సభ, పెడతారు. వివరాలన్నీ ఒక పుస్తకంగా అచ్చువేసి పంచుతారు. పుస్తకంలో పేరున్నవాళ్ళు తప్పకుండా వేదిక ఎక్కాలి. సిగ్గని, తలనొప్పని తప్పించుకోవడానికి వీల్లేదు. ఈ రూలు రాసింది మండలి కార్యదర్శి, అందరూ భావు (అన్న) అని పిలిచే నాగనాథే. రాసిన రోజు ఇంటికి వచ్చి రెండుసార్లు పైకి చదివి వినిపించాడు కూడా.

పదేళ్ళపాటు ఆయన ఒక లావుపాటి రిజిస్టరు మోశాడు. డబ్బీ చేతికి రాగానే నాలుగు వందల పేర్లూ పుల్లతో గీకి గీకి ఎక్కించి, ఆ రిజిస్టరును కార్యవర్గం ఎదుటే పాత కాయితాలు కొనే రద్దీవాడికి తూకానికి వేశాడు.

"ఇగ కాయితాల జమానా అయిపోయింది" అని ప్రకటించాడు. రద్దీవాడు తప్ప అందరూ చప్పట్లు కొట్టారు.

డబ్బీలో చేసిన మార్పులు కంప్యూటర్లోకి చేరాలి. దాన్నే సింక్ అంటారు. డబ్బీని స్టాండులో నిలబెట్టి బటన్ నొక్కితే చిన్న రాగం వస్తుంది, కాసేపటికి రెండింటిలోనూ ఒకటే జాబితా ఉంటుంది. ప్రతి ఆదివారం పొద్దున సమాజం పెద్దలు చాయ్ గ్లాసులు పట్టుకుని చుట్టూ మూగేవారు. నాగనాథ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, అందరినీ ఒక అడుగు వెనక్కి జరగమని, బటన్ నొక్కేవాడు. హారతికి మోగే గంట విన్నట్టు అందరూ ఆ రాగం విని ఇళ్ళకు వెళ్ళేవారు.

ఆషాఢం దాకా ఇది నిజంగానే జరిగింది. ఆషాఢం చివర అనికేత్ వచ్చి కొత్త లినక్స్ వేసి, తిరుగు బస్సు ఎక్కబోతూ నాగనాథ్‌కు చెప్పాడు.

"మామా, ఇప్పుడు వరుస మారింది. ముందుగాల కంప్యూటర్ల కమాండ్ కొట్టాలె, అటెన్కనే బటన్..."

"నాకు తెల్వదా? నువ్వు బస్సెక్కు" అన్నాడు నాగనాథ్.

మరుసటి ఆదివారం ఎప్పటిలాగే ముందు బటన్ నొక్కాడు. రాగం వచ్చింది. అది పని మొదలుపెట్టేటప్పుడు వచ్చే రాగం, ముగిశాక వచ్చేది వేరు. ఆ రెండోది రాలేదు. డబ్బీ తెర మీద కంప్యూటర్ దొరకలేదని ఇంగ్లీషులో వచ్చింది. నాగనాథ్ దానిమీద అరచెయ్యి అడ్డం పెట్టి, "అయిపోయింది" అన్నాడు. పెద్దలు తలలూపి చాయ్ తాగేశారు. పుణెకు ఒక్క ఫోన్ కొడితే సరిపోయేది. కానీ నిపుణుడు ఒకరిని అడగడమా? అలా పది ఆదివారాలు అయిపోయింది, అయిపోయింది అంటూనే గడిపాడు.

ఆ మధ్యలోనే, శ్రావణంలో ఒక పొద్దున, ఆయన కూతురు సారిక చాయ్ ఇచ్చి అక్కడే నిలబడింది. ఇరవై ఏళ్ళ పిల్ల, డీ.ఎడ్.లో అప్పుడే సీటు వచ్చింది.

"బాపు, మండలి జాబితాల కెంచి నా పేరు తీసెయ్. నా చదువు అయ్యేదాక రెండేండ్లు నేను ఎవ్వల ముంగట కూసోను."

నాగనాథ్‌కు ఎన్ని లోపాలున్నా కూతురి మాట కొట్టేసే రకం కాదు. జేబులోంచి డబ్బీ తీశాడు. ఆమె పేరు తెరిచి, తీసేయమంటావా అని అది అడిగినప్పుడు పుల్ల సారిక చేతికే ఇచ్చాడు. ఆమే నొక్కింది. పేరు పోయింది. ఆ రోజంతా సారిక కూనిరాగం తీస్తూ తిరిగింది.

తర్వాత దసరా ముందురోజు ఖండే నవమి వచ్చింది. ఆయుధ పూజ రోజు ఇంట్లో ఏ పనిముట్టూ పని చేయకూడదు. భార్య పార్వతీబాయి ఇలాంటి విషయాల్లో మహా గట్టి మనిషి. తెల్లారేసరికి కుట్టుమిషన్ బెల్టు విప్పేసింది. టార్చిలైటు సెల్లులు తీసేసింది. గజం బద్ద, కత్తెర కడిగి పీట మీద పెట్టింది. డబ్బీ కూడా మొగుడి పనిముట్టే కదా. దాని సెల్లులూ తీసి, ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టి, పళ్ళెంలో పడుకోబెట్టింది.

"నీళ్ళు తగలనియ్యలే. పొడి బట్టతోనే తుడిసిన" అని సాయంత్రం గర్వంగా చెప్పింది.

ఆ డబ్బీకి ఒక గుణం ఉంది. సెల్లులు లేకుండా ఒక్క నిమిషం దాటితే సర్వం మరిచిపోతుంది. పార్వతీబాయి దానికి ఒక పగలు, ఒక రాత్రి సంపూర్ణ విశ్రాంతి ఇచ్చింది. దసరా పొద్దున నాగనాథ్ సెల్లులు వేసి నొక్కితే, అది ఆయనను ఎన్నడూ చూడనట్టు పలకరించి, ఇవాళ తేదీ ఎంత అని అడిగింది. లోపల ఒక్క పేరూ లేదు.

ఆయన మళ్ళీ మళ్ళీ నొక్కి చూశాడు. భార్య మీద గొంతు చించుకుని అరవాలనిపించింది. కానీ అరిస్తే ఎందుకు అరుస్తున్నాడో చెప్పాలి. అది చెబితే, కంప్యూటర్లో ఉంది కదా, ఆదివారం ఆదివారం సింక్ చేస్తివి కదా అంటుంది. కంప్యూటర్లో ఉన్నది ఆషాఢం నాటి జాబితా. అందుకని నోరు మూసుకుని జమ్మి ఆకు జేబులో వేసుకుని ఊరిమీద పడ్డాడు. ఇంటింటికీ బంగారమంటూ ఆ ఆకు ఇచ్చి, కౌగిలించుకుని, "మీ పిల్లోనికి కుదిరిందన్నరు గదా?" అని మెల్లగా కూపీ లాగాడు. అలా సంబంధం కుదిరినవాళ్ళ పేర్లు ఇరవై ఎనిమిది గుర్తు చేసుకుని కంప్యూటర్ జాబితాలోంచి తీసేశాడు. అడగని ఇల్లు ఒక్కటే, తన ఇల్లు. ఎవరూ తమ ఇంటికి తాము జమ్మి ఇచ్చుకోరు. పైగా సారిక పేరు ఎప్పుడో తీసేశామన్న సంగతి ఆయన మనసులో రాతిమీద గీతలా ఉంది, తీసింది డబ్బీలో మాత్రమేనని తట్టలేదు. పుస్తకం అచ్చుకు వెళ్ళింది.

మేళావా రోజు హాలు కిటకిటలాడింది. మూడు వందల పుస్తకాలు మూడు వందల ఒళ్ళలోకి చేరాయి. సారిక తలుపు దగ్గర బల్ల వేసుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటోంది. అంబదాస్ మైకు పట్టుకుని నంబర్ల వారీగా పిలుస్తున్నాడు.

"నంబర్ ముప్పై నాలుగు. గజానన్, ఇస్లాపూర్."

మూడో వరుసలో గజానన్ బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. పక్కనున్న ఆడమనిషి లేచి నిలబడింది.

"నేను పెండ్లాన్ని బతికుండంగనే ఈయనకు ఇంకో పిల్లను చూస్తున్రా?"

హాలు గొల్లుమంది. నాగనాథ్ తడుముకోకుండా, "ప్రెస్సోని తప్పు!" అని అరిచాడు. ప్రెస్సువాడు హాల్లో లేడు కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

ఇంకో గంటకు అంబదాస్ పుస్తకం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మురిసిపోయాడు.

"నంబర్ నూట పదకొండు. సారిక నాగనాథ్ ఎర్రంవార్! మన భావు బిడ్డ! రా తల్లీ, రూల్ రూలే!"

చప్పట్లు మోగాయి. ధర్మాబాద్ నుంచి వచ్చిన లీలాబాయి అనే పెద్దావిడ, పెళ్ళీడు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంది. సారిక చేతిలో కలం ఆగిపోయింది. బల్ల దగ్గరనుంచి లేచి తండ్రి దగ్గరికి వచ్చింది. ఆయన నాలుక చివర అదే మాట సిద్ధంగా ఉంది.

"ప్రెస్సోని..."

"ప్రెస్సోనికి నా పేరు ఎవరిచ్చిన్రు బాపు?" అంది సారిక. గొంతు పెంచలేదు. "నాతోటే ఒత్తిపిచ్చి, ఎన్కకెళ్ళి మళ్ళ రాసుకున్నవా?"

దొంగ అన్నా నాగనాథ్ అంత కుంగిపోయేవాడు కాదు. కూతురు తనను మోసగాడనుకుంటోంది. కాదని చెప్పాలంటే, పది ఆదివారాల సంగతి ఇంతమంది ముందు చెప్పాలి. ఆయన ఒకసారి పెద్దలవైపు చూశాడు. ఒకసారి కూతురివైపు చూశాడు. వేదిక ఎక్కి అంబదాస్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"ప్రెస్సోని తప్పు లేదు. కంప్యూటర్ తప్పు లేదు. ఆషాఢం సంది సింక్ కాలే. అయిందని నేనే అబద్ధం చెప్పిన. డబ్బీల ఉన్నదంత పోయింది. ఈ పుస్తకం పాత జాబితా. మా బిడ్డ తన పేరు తీసెయ్యమన్నది, తీసేసిన. నా బడాయి తోటి మళ్ళ అచ్చయింది. ఆమె వేదిక ఎక్కది."

"మరి రూల్ భావూ?" అన్నాడు అంబదాస్, ఇంకేం అనాలో తోచక.

"మా ఇంటి దిక్కు నుంచి నేనెక్కిన గదా" అన్నాడు నాగనాథ్.

హాలంతా ఒక్కసారి పుస్తకాలు తిరగేసిన చప్పుడు. మావోడి ఎత్తన్నా సరిగ్గుందా అని ఒకరు, గోత్రం చూడుండ్రి అని ఒకరు. నాగనాథ్ తల వంచుకుని కిందికి దిగాడు. సారిక ఆయనకు ఎదురు వచ్చింది. తన కలం ఆయన చేతిలో పెట్టింది.

"మూడు నూర్ల పుస్తకాలున్నయి బాపు."

ఆయన మొదటి వరుస నుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి ముందూ వంగి, పుస్తకం అడిగి తీసుకుని, నూట పదకొండో నంబరు వెతికి, చేత్తో కొట్టేశాడు. "భావూ, సింక్ చేస్తున్నవా?" అని ఒకాయన నవ్వాడు. "రాగం రాలేదేంది?" అని ఇంకొకాయన. నాగనాథ్ తర్వాతి పుస్తకం అందుకున్నాడు. నడుం పట్టేసింది, చొక్కా తడిసిపోయింది. చివరి వరుసలో లీలాబాయి పుస్తకం మూసి కొంగు కింద పెట్టుకుంది.

"ఇదొక్కటి ఉండనియ్ భావూ. రెండేండ్ల తర్వాతనే అడుగుతం."

మంచి సంబంధం. ధర్మాబాద్‌లో పెద్ద ధాన్యం దుకాణం, ఒక్కడే కొడుకు. నాగనాథ్ అలాగే నిలబడి ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించినందుకు సిగ్గుపడ్డాడు కూడా. తలుపు దగ్గర సారిక ఇటే చూస్తోంది.

"రెండేండ్ల తర్వాత నన్ను గాదు వదినా, ఆమెను అడుగుండ్రి" అన్నాడు.

చెయ్యి చాపి పుస్తకం తీసుకున్నాడు. గీత వంకరగా వచ్చింది. దానిమీద ఇంకొకటి గీశాడు, ఇంకొకటి గీశాడు, పేరు అసలు కనపడకుండా పోయేదాకా.