ఫోన్ ఎత్తగానే చిన్నబోయే గొంతు

2023, ఆస్ట్రేలియాలో చలికాలం. క్వీన్స్‌లాండ్ అనగానే అందరికీ ఎండలూ సముద్రమూ గుర్తొస్తాయి గానీ, మేముండే టూవూంబా కొండ మీది ఊరు. జూలైలో పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకితే తప్ప ఇంట్లోంచి బయల్దేరలేం. ఇక్కడ నేను స్పీచ్ పాథాలజిస్ట్‌ని. మాటలు ఆలస్యమైన పిల్లలు, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ఇంగ్లీషు బాగా వచ్చినా తమ మాట ఇక్కడివాళ్లకి అర్థం కావడం లేదని వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది మన డాక్టర్లూ నర్సులే. ఆ ఏడాది మొదటిసారిగా ఒక జపాన్ అమ్మాయి వచ్చింది. పేరు యూమి అనుకుందాం.

యూమి ఒసాకాలో పెద్దాసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సు. ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో చేరింది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. వీసా ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది కాబట్టి, ఉద్యోగం పోతే ఈ దేశం వదిలి వెళ్లిపోవాల్సిందే. ఆమెని నా దగ్గరికి పంపింది ఆ వృద్ధాశ్రమం మేనేజర్ డెబ్.

"నర్సుగా బంగారం," అంది డెబ్ ఫోన్‌లో. "మా ముసలివాళ్లకి ఆమె అంటే ప్రాణం. కానీ డాక్టరుకి ఫోన్ చేసిందంటే అటువైపు మనిషికి ఒక్క ముక్క అర్థం కాదు. ఫోన్‌లో విషయం చెప్పలేని నర్సుకి రాత్రి షిఫ్ట్ ఎలా అప్పజెప్పను, నువ్వే చెప్పు?"

యూమికి తన కష్టం ఏమిటో ముందే తెలుసు. తెలుసని నాకు గట్టిగా చెప్పింది కూడా. "అంతా నా ఆర్, ఎల్ వల్లే. జపాన్ వాళ్లందరికీ ఇదే జబ్బు. దయచేసి నయం చెయ్యండి."

అది జబ్బేమీ కాదు. జపనీస్‌లో ర, ల అని రెండు వేరు ధ్వనులు లేవు. రెండింటికీ మధ్యస్థంగా ఒకటే ఉంది. నాలుక కొస అలా పైకి తగిలి ఇలా వచ్చేస్తుంది. ర, ల, ళ అంటూ చిన్నప్పుడే గుణింతాలు దిద్దిన మనకి ఈ బాధ ఊహకందదు. అలాగని గొప్పలు పోనక్కర్లేదు. వి, డబ్ల్యూ తేడాగా పలకమంటే మనలో సగంమందిమి నీళ్లు నములుతాం.

మినిమల్ పెయిర్స్‌తో మొదలుపెట్టాను. అంటే ఒక్క ధ్వని తప్ప మిగతా అంతా ఒకేలా ఉండే మాటల జంటలు. రైట్, లైట్. రాంగ్, లాంగ్. ముందు ఆ తేడా చెవికి పట్టించాలి, తర్వాత నాలుకకి నేర్పాలి. ఎల్‌కి నాలుక కొస పై పళ్ల వెనక ఆనుకుని కాసేపు నిలబడాలి. ఆర్‌కి ఎక్కడా తగలకుండా వెనక్కి జరగాలి. అద్దం ముందు కూర్చోబెట్టి చేయించేదాన్ని. యూమి పట్టుదల చూస్తే నాకే ముచ్చటేసేది. కారు నడుపుతూ సాధన, అన్నం వండుతూ సాధన. నాలుక నొప్పిగా ఉందంటూ ఒకరోజు మంచినీళ్లు కూడా జాగ్రత్తగా మింగింది. కొన్ని వారాలకి "రెస్పిరేటరీ", "లెఫ్ట్ లంగ్" లాంటి మాటలు ముత్యాల్లా రాలాయి. నా భుజం నేనే తట్టుకున్నాను.

అంతలో డెబ్ నుంచి ఫోన్. "సారీ, డార్లింగ్. ఏమీ మారలేదు. ఇవాళ డాక్టరు విసుక్కుని, ఇంకెవరికైనా ఫోన్ ఇవ్వమన్నాడు. వచ్చే నెలతో ప్రొబేషన్ అయిపోతోంది. నా చేతుల్లో ఇంకేమీ లేదు."

నా గదిలో అంత స్పష్టంగా మాట్లాడే మనిషికి అక్కడ ఏమవుతోంది? నాకు ఓపిక తక్కువ, తేలని విషయం ఉంటే తిండి కూడా సహించదు. డెబ్‌ని అడిగి మర్నాడు మధ్యాహ్నమే వృద్ధాశ్రమానికి వెళ్లాను. నర్సుల గదికి పెద్ద అద్దం కిటికీ ఉంది. దాని ఇవతల నిలబడ్డాను. తలుపు ఓరగా తీసి ఉంది.

ఒక పెద్దావిడకి కాలు వాచిందని డాక్టరుకి చెప్పాలి. యూమి కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది. వాక్యం చక్కగా మొదలుపెట్టింది. వాక్యం చివరికి వచ్చేసరికి, ఎదురుగా పెద్దమనిషి నిలబడి ఉన్నట్టు జపాన్ పద్ధతిలో తల వంచింది. గడ్డం వెళ్లి గుండెకి ఆనుకుంది. ఫోన్ చెంప మీదికి జారింది. గొంతు కాలర్‌లోకి దిగిపోయింది. మళ్లీ తలెత్తి ఇంకో వాక్యం, మళ్లీ వంగడం. ఏ కాలు వాచిందో, ఏ మందు వేసుకుంటోందో, అసలు విషయమంతా వాక్యం చివరే ఉంది. అదంతా నేలపాలవుతోంది.

అటునుంచి డాక్టరు "సారీ?" అన్నట్టున్నాడు. సరిగా వినపడలేదు, మళ్లీ చెప్పు అని దాని అర్థం. యూమి మాత్రం తనవల్ల తప్పు జరిగిందనుకుంది. "ఐ యామ్ వెరీ సారీ" అంటూ ఈసారి నడుం దాకా వంగింది. మళ్లీ మొదటినుంచి, మరింత వినయంగా, మరింత మెల్లగా చెప్పింది. ఆయన మళ్లీ "సారీ?" అన్నాడు. అద్దం ఇవతల నేను "తలెత్తు తల్లీ!" అని తెలుగులో అరిచినంత పనిచేశాను. పాపం, ఆ నాలుక ఏ తప్పూ చెయ్యలేదు.

తర్వాతి సెషన్‌లో విషయం చెప్పాను. తాను వంగుతున్న సంగతి యూమికే తెలియదు. ఆశ్చర్యపోయింది, సిగ్గుపడింది, సరే మానేస్తానంది. కర్ర మింగినట్టు కూర్చుని ఫోన్ పట్టుకుంది. అంతే, మాట పెగల్లేదు. పెగిలిన నాలుగు ముక్కల్లో ఆర్, ఎల్ మళ్లీ కలగాపులగం అయిపోయాయి.

"తల వంచకుండా మాట్లాడుతుంటే డాక్టరుని తిడుతున్నట్టుంది," అంది కళ్లనీళ్లతో. "నేను వెళ్లిపోవాల్సిందేనా?"

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరు ఏమిటని పేర్లు చెప్పకుండా మా ఆయన ముందు వెళ్లగక్కాను. "ఏవండీ, ఫోన్‌లో ఎవరైనా దండాలు పెడతారా? అవతలాయనకి కనపడదుగా!"

మా ఆయన లాప్‌టాప్ మూసి నవ్వారు. "ఎవరో ఏంటోయ్, మీ నాన్నగారు పెట్టేవారు కాదూ! కలెక్టరాఫీసు నుంచి ఫోనొస్తే చాలు, లేచి నిలబడి, ఎగ్గట్టిన లుంగీ కిందికి దింపుకుని మరీ 'సార్, సార్' అనేవారు. కొత్తల్లుణ్ని కదా, నవ్వాపుకోలేక చచ్చానప్పుడు."

"మా నాన్నని ఎగతాళి చెయ్యకపోతే మీకు పొద్దుపోదు," అన్నాను గానీ, నాకూ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆలోచించాను. లుంగీ దింపొద్దని ఎవరైనా పట్టుకుని ఉంటే మా నాన్న నోట ఒక్క మాట వచ్చేదా? రాదు. ఆయనకి ముందు లుంగీ దిగాలి, తర్వాతే మాట. యూమికీ అంతే. వంగడం మాన్పించడం నా పని కాదు, దాన్ని కాస్త పక్కకి జరిపితే చాలు.

"మానొద్దు," అన్నాను ఈసారి ఆమెతో. "కావలసినంత వంగు. కానీ ముందు వాక్యం పూర్తి చెయ్యి, ఆఖరి మాట నోట్లోంచి బయటపడ్డాక అప్పుడు వంగు. డాక్టరు 'సారీ?' అంటే నిన్ను తిట్టినట్టు కాదు. క్షమాపణ చెప్పకు, ఆ ఒక్క మాటే గట్టిగా మళ్లీ చెప్పు."

యూమి ముఖం వికసించింది. "వంగొచ్చా?" అని రెండుసార్లు అడిగింది.

ఆమెని గదిలో ఉంచి, నేను క్లినిక్ పెరట్లోకి వెళ్లి చలిలో వణుకుతూ ఫోన్‌లో డాక్టరు వేషం కట్టాను. అర్థమైనా అర్థం కానట్టు "సారీ? సారీ?" అని వేధించాను. మొదట్లో తడబడింది. తర్వాత మాటకీ వంగడానికీ మధ్య చిన్న విరామం నిలబడింది. కిటికీలోంచి చూస్తే, చెప్పాల్సింది చెప్పేసి తృప్తిగా తల వంచుతోంది. ఆర్, ఎల్ ఏ పిలుపూ లేకుండా వాటంతటవే తిరిగొచ్చాయి. "మీరు చాలా చెడ్డ డాక్టరు," అంది చివర్లో నవ్వుతూ.

ప్రొబేషన్ ముగిసే వారంలో, సూపర్‌మార్కెట్ కార్ పార్క్‌లో ఉండగా ఫోన్ మోగింది. డెబ్ పేరు చూసి గబుక్కున ఎత్తాను.

"మధ్యాహ్నం మా దగ్గరుండే ముసలి రైతుకి ఊపిరి అందలేదు," అంది డెబ్. "నేను వచ్చేసరికే యూమి ఫోన్‌లో ఉంది. తలుపు దగ్గరే నిలబడి విన్నాను. ఎడమ ఊపిరితిత్తిలో చప్పుడు తేడాగా ఉందని, ఆక్సిజన్ పడిపోతోందని, ప్రతి ముక్కా గంట కొట్టినట్టు చెప్పింది. డాక్టరు వెంటనే అంబులెన్స్ పిలవమన్నాడు. పెద్దాయన ఆసుపత్రిలో తేరుకుంటున్నాడు. యూమిని మేం ఎక్కడికీ పోనివ్వం, ఆ మాట చెప్దామనే నీకు ఫోన్ చేశాను."

నెత్తిన పాలు పోసినట్టయింది. కొన్న సామాన్లు డిక్కీలో పెట్టకుండా అలాగే కారులో కూర్చుండిపోయాను.

ఇంటెలిజిబిలిటీ అని మా వృత్తిలో ఒక మాటుంది. మన మాట అవతలివాళ్లకి ఎంతవరకు అర్థమవుతోందన్నది దానర్థం. అప్పటిదాకా దాన్ని నాలుకలో, పెదవుల్లో వెతికేదాన్ని. ఇప్పుడు ఎవరు వచ్చినా, నువ్వు ఎవరితో మాట్లాడాలి, మాట్లాడేటప్పుడు ఎలా నిలబడతావు, నీకు ఎవరంటే భయం అని ముందు అడుగుతాను. వీలైతే వెళ్లి కళ్లారా చూస్తాను. ఒక మనిషి మర్యాదని తీసేసి మాట ఒక్కటే బాగుచేద్దామంటే కుదరదని యూమి దగ్గరే నేర్చుకున్నాను.

ఆఖరి సెషన్‌లో, ఆ ఫోన్ కాల్ ఎలా సాగిందని అడిగాను.

"డాక్టరు ఒక్కసారి కూడా 'సారీ?' అనలేదు," అంది యూమి. "చివర్లో 'థాంక్స్, యూమి' అన్నాడు. ఇన్నాళ్లకి ఆయనకి నా పేరు వినపడింది," అంది.