మక్కలు ఎండే రోడ్డు మీద మేబాన్

సెప్టెంబరు ఇరవై రెండున పొద్దున ఆరున్నరకి సికింద్రాబాదులో రైలెక్కినప్పుడు నా సంచిలో రెండు కొవ్వొత్తులు, ఒక చిన్న చాకు, ఒక పాత దుప్పటి ఉన్నాయి. ఎక్కడికని అడిగేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి చెప్పాల్సిన పనీ పడలేదు. ఆరేళ్లుగా నేను మేబాన్ చేసుకుంటున్నాను. ప్రకృతినే దైవంగా చూసుకునే ఈ కాలపు పేగన్లకి ఏడాదికి ఎనిమిది పండుగలు. పగలూ రాత్రీ సమానమయ్యే శరత్కాలపు రోజున, ఇంటికొచ్చే పంటకి కృతజ్ఞత చెప్పుకునే పండుగ ఇది. ఆపిల్‌ని అడ్డంగా కోస్తే లోపల గింజల గదులు నక్షత్రంలా కనిపిస్తాయి. ఆ ముక్కలు పంచుకుని, ఈ ఏడు నాకేమిచ్చింది, నా నుంచి ఏం తీసుకుంది అన్నది ఎదుటి మనిషికి చెప్పాలి. గోడకి చెప్పుకుంటే చెల్లదన్నది మాత్రం మా గుంపులో మేమే పెట్టుకున్న నియమం.

మొదట్లో ఐదుగురం. ఒకరికి ఉద్యోగం మారింది, ఒకరికి పిల్లలు పుట్టారు, ఒకాయనకి ఇదంతా చిన్నపిల్లల ఆటలా అనిపించింది. పోయినేడు నేనూ, నా స్నేహితురాలు సుజాతా మిగిలాం. ఈసారి వారం ముందే మెసేజ్ పెడితే "కుదరదే, నువ్వు కానియ్" అని జవాబిచ్చింది. రెండు రోజులు ఆ మాట పట్టుకుని ఏడ్చాను. తర్వాత మొండికేశాను. సూర్యుడు సరిగ్గా పడమట దిగే ఆ సాయంత్రం, నా కళ్లకి ఒక్క అపార్ట్‌మెంటూ అడ్డు రాని చోటు వెతుక్కుంటాను. నా మాట వినే మనిషి ఒక్కరు దొరికితే సరే, లేకపోతే ఈ పండుగకి ఇక ఓ దండం అనుకున్నాను. ములుగు దాటాక పొలాలు బాగా విశాలంగా ఉంటాయని ఎప్పుడో బస్సు కిటికీలోంచి చూసిన గుర్తు.

తొమ్మిది దాటాక వరంగల్‌లో దిగి, షేర్ ఆటోకి ముప్పై ఇచ్చి హనుమకొండ చేరాను. ముందురోజే ఎంగిలిపూల బతుకమ్మతో తొమ్మిది రోజుల పండుగ మొదలైంది. చౌరస్తా అంతా తంగేడు, గునుగు, బంతి కుప్పలు, వాటి చుట్టూ బేరాలాడే ఆడవాళ్లు. అందరూ ఎవరో ఒకరితో వచ్చినవాళ్లే. నేను పండ్ల బండి దగ్గర ఆగి ఒక్క ఆపిల్ అడిగాను.

"ఒక్కటేనా అక్కా? ఎవలకన్న పానం బాగలేదా? దవాఖానకు తీస్కపోతాన్రా?" అన్నాడు బండాయన నిజమైన జాలితో.

సిగ్గేసి రెండు తీసుకున్నాను. పదకొండింటికి ములుగు బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి జీరో టికెట్, మగవాళ్లకి వంద అటూ ఇటూ అవుతుంది. గంటన్నర ప్రయాణం. బస్టాండు పక్కన వంద రూపాయల భోజనం చేశాను. పప్పు బాగుంది, ఎదుటి కుర్చీ మాత్రం ఖాళీ. మూడింటికి ఒక ఆటో మాట్లాడుకున్నాను.

"గుడికా, చెరువుకా మేడం?"

"రెండూ కాదు. పడమట వైపు గుట్ట గానీ చెట్టు గానీ అడ్డం లేని చోట దించండి."

"అసొంటి కాడ ఏముంటది మేడం?"

"ఏమీ ఉండకూడదు."

అతను అద్దంలోంచి నన్ను ఒకసారి చూసుకున్నాడు. "రాను పోను మూడొందలియ్యిండ్రి. ఆరున్నరకొచ్చి ఎక్కించుకుంట. ఒక్కలే ఉంటరా?"

"ఆ, ఒక్కదాన్నే." ఆ రోజు ఈ మాట ఎన్నిసార్లు అన్నానో.

అతను దించిన చోట సగం రోడ్డు పొడుగునా మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఆరబోసి ఉన్నాయి. బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. ఒక ముసలమ్మ చెప్పుల్లేని పాదాలతో గింజల్లో సాళ్లు గీస్తూ, కింది తడి పైకొచ్చేలా తిరగేస్తోంది. పేరు లచ్చవ్వ. కొడుకూ కోడలూ పత్తి చేనుకి పోతే పొద్దున్నుంచీ ఆమే కాపలా. కల్వర్టు గట్టు మీద దుప్పటి పరుచుకోవచ్చా అని అడిగితే, "కూసో బిడ్డా, అడుగుడెందుకు, రోడ్డు నాదా?" అంది.

నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లూ సూపర్‌మార్కెట్ బుట్టతో జరుపుకున్న పంటపండుగ ఇది. ఇప్పుడు కళ్లెదుట నిజం పంట! ఆనందం ఆపుకోలేక, "అబ్బ, ఎంత బాగా పండింది అవ్వా! ఎన్ని గింజలో!" అని గట్టిగా అనేశాను.

లచ్చవ్వ పాదం ఆగిపోయింది. "ఏందే అట్లంటవు? ఇల్లు జేరని పంటను మంచిగున్నదని అనొద్దు. దిష్టి తగుల్తది."

నాలుక కరుచుకున్నాను. దిష్టి నేను నమ్మను గానీ, పావుగంటలో తూర్పున మబ్బు కమ్మినప్పుడు నాకే భయమేసింది. చినుకులు మొదలయ్యాయి. లచ్చవ్వ గింజల మీద కప్పే పెద్ద టార్పాలిన్ పరదాని ఒక వైపు లాగితే రెండో వైపు గాలికి లేచిపోతోంది.

"చూస్తవేందే? ఆ కొస పట్టు! ఒక్కదానితోని కాదు!"

దుప్పటీ చాకూ అన్నీ వదిలేసి పరిగెత్తాను. లాగాం, రాళ్లు పెట్టాం, అంచున తడిసిన గింజల్ని దోసిళ్లతో లోపలికి తోశాం. పది నిమిషాల్లో వాన వెలిసింది. ఇద్దరం ముద్దయ్యాం. నా మాట వల్లే ఇలా అయిందని క్షమాపణ అడిగితే, "వాన నువ్వన్నవని రాలే, వచ్చేదుండె వచ్చింది" అని నవ్వేసింది. అప్పుడు ఆపిల్ కోశాను. పళ్లు లేవంది కాబట్టి పల్చగా తరిగాను. నక్షత్రం చూపించి, ఈ రోజు ఏం చెప్పుకోవాలో వివరించాను.

"చెప్పు మరి, నేను ఇంట" అంది, ముక్క చప్పరిస్తూ.

దొరికింది మనిషి. గొంతు సవరించుకున్నాను. "ఈ ఏడు నా నుంచి సుజాతని తీసుకుంది" అనేసరికి ఏడుపొచ్చింది.

"అయ్యో, సచ్చిపోయిందా?"

"లేదవ్వా. రాలేదు."

"కొట్లాడుకున్నరా?"

"లేదు."

"నువ్వు రాకుంటె నాకు బాధైతాందని ఆమెతోని అన్నవా?"

లేదు. సరేలే అని ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఆ సంగతి లచ్చవ్వకి చెప్పడానికి సిగ్గేసి, తల మాత్రం అడ్డంగా ఊపాను.

లచ్చవ్వ పరదా వైపు చూసింది. "మరి మీ దోస్తాన గూడ ఇంకా రోడ్డు మీదనే ఉన్నది గద బిడ్డా. ఇల్లు జేరనిదాన్ని వచ్చిందనొద్దు, పోయిందనొద్దు."

ఆరు దాటాక మబ్బు కింది సందులోంచి సూర్యుడు కనిపించి, ఆ రోడ్డు చివర సరిగ్గా పడమట దిగిపోయాడు. కొవ్వొత్తులు తడిసి వెలగలేదు. చెప్పాలనుకున్న రెండు మాటల్లో ఒకటీ పూర్తిగా చెప్పకుండానే ఆటో ఎక్కాను.

తిరుగు బస్సులోనే సుజాతకి రాశాను, నువ్వు రాకపోతే చాలా బాధేసిందని. ఇది రాస్తున్న నాలుగో రోజుకి కూడా జవాబు లేదు. చదివినట్టు మాత్రం చూపిస్తోంది. ఇల్లు ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉంది, ఒంటరితనం ఇసుమంత తగ్గలేదు. కానీ ఈ పండుగకి దండం పెట్టి వదిలేయాలన్న ఆలోచన మాత్రం మానుకున్నాను, ఎందుకంటే ఈ ఏటి మేబాన్ నాకింకా ముగియలేదు.

ఈ కాలంలో ఆ వైపు వెళ్లేవాళ్లకి ఒక్క సూచన: ములుగు నుంచి తిరుగు బస్సుల వేళలు దిగగానే కనుక్కోండి. దారిలో మక్కలు ఎండుతుంటే బండి పక్కకి తీయండి, బాగున్నాయని మాత్రం అనకండి. చినుకు పడితే, ఎవరూ పిలవకముందే దిగి పరదా రెండో కొస పట్టుకోండి.