పడవలో వంటగట్టు

పోయిన వారం హోసూరు బస్టాండు దగ్గర షేరాటో ఎక్కి, కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానో లేదో, ముందున్న బండ్లన్నీ నిలిచిపోయాయి. తల బయటపెట్టి చూస్తే గాలిమర రెక్క ఒకదాన్ని మోసుకొచ్చిన పొడవాటి ట్రెయిలరు మలుపు తిరగలేక రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. ఆటోలో అందరూ విసుక్కుంటున్నారు, డ్యూటీకి ఆలస్యమవుతుందని ఒకమ్మాయి ఫోనులో ఎవరికో మొర పెట్టుకుంటోంది. నాకు మాత్రం విసుగు రాలేదు. అంత తెల్లని, అంత పెద్ద వస్తువే మరొకటి ఇదే రోడ్డు మీద, ఇదే తీరున దారి పొడుగునా తిట్లు తింటూ ఏళ్ళ కిందట మా తోటకు వచ్చిన రోజు గుర్తొచ్చి ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే మనసు బరువెక్కింది.

మా ఆయన పడవ కొన్నారు. చేపలు పట్టే పడవ కాదు, లోపల ఇద్దరు పడుకోవడానికీ వండుకోవడానికీ చోటున్న పాత తెరచాప పడవ. సముద్రం హోసూరుకు ఎంత దూరమో మీకు తెలియంది కాదు, ఇక వేప్పనపల్లి దగ్గర మా మామిడితోటలోనైతే ఎండాకాలం బోరు గురగురమని గాలి కక్కితే స్నానాలకు కూడా వంతులు వేసుకునేవాళ్ళం. అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషి, బండ్ల కంపెనీలో ఫైబరు భాగాలు చేసే షాపులో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యాక, పుదుచ్చేరిలో పడవలు బాగుచేసేవాళ్ళు పిలిస్తే మూడు నెలలు పనికి పోయి, అక్కడ ఒక మూల ఎండకు పగిలి పడి ఉన్న పడవను చూసి మనసు పారేసుకున్నారు. దాన్ని తోటకు తెచ్చి, బాగుచేసి, ఆరోగ్యం ఉన్నన్నాళ్ళు నీళ్ళ మీద బతకాలని ఆయన కోరిక.

ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. అన్నం తింటూ వాళ్ళమ్మకు చెప్పారు, హోసూరు ఇల్లు బాడుగకు ఇచ్చేసి మేమిద్దరం పడవలో ఉంటామని. ఆ ఇద్దరిలో రెండోదాన్ని నేను. చారు వడ్డిస్తూ వినాల్సి వచ్చింది. అప్పటికి పెళ్ళయి ముప్పయ్యారేళ్ళయింది, కాపురం ఎక్కడ పెట్టాలన్నా ఏ ఇల్లు మారాలన్నా అన్నీ ఆయన చెప్పినట్టే నడిచాయి గనక, ఇదీ అట్లే నడుస్తుందని అనుకున్నట్టున్నారు. నాకు నీళ్ళంటే భయం, అది నిజమే, కాని భయం కంటే కోపమే ఎక్కువ. వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

పడవ దిగిన రోజు ఊరు ఊరంతా తోటలోనే ఉంది. క్రేనుతో దించి, సరుగుడు కట్టెలు ఆసరా పెట్టి నిలబెట్టాక, ట్రెయిలరు డ్రైవరు దాని పొట్ట మీద తట్టి, "ఇదు ఓడుమా సార్?" అని అరవంలో అడిగాడు, ఇది నడుస్తుందా అని. మా ఆయన ఛాతీ విరిచి, "నల్లా ఓడుం" అన్నారు, బాగా నడుస్తుందని. నులకమంచం మీద కూర్చున్న మా అత్తకు అరవం రాక కాదు, వినికిడి తగ్గి చెవికి ఆ ఒక్క మాటే అందింది, అదీ తెలుగులో అందింది. ఓటికుండ ఓడినట్టు ఈ పడవ నీళ్ళు కారి ఓడుతుందని, అదీ బాగా ఓడుతుందని, కొడుకే ఒప్పుకున్నాడని ఆమెకు అర్థమయింది. సాయంత్రానికల్లా, తెలిసి తెలిసి ఓడే ఓడను కొనుక్కొచ్చినాడని వేప్పనపల్లి దాకా పాకిపోయింది.

ఎంత చెప్పినా అత్త వినలేదు. చివరికి మా ఆయన పడవ లోపల అడుగున పరిచిన పలకలు తీసి, బోరు నీళ్ళు నింపి, మూడు రోజులు అట్లే ఉంచి, చుక్క కారలేదని ఆమెను చేయి పట్టుకుని చుట్టూ తిప్పి చూపించారు. ఆమె అంతా తడిమి చూసి, "సరేలేప్పా, లోపలి నీళ్ళు బయటికి రాలేదు. బయటి నీళ్ళు లోపలికి రావని ఏం నమ్మకం?" అన్నది. ఆయన నీళ్ళు తోడేసి పలకలు మళ్ళీ బిగించుకున్నారు. నాకు మాత్రం మంచి సాకు దొరికింది.

ఆ తర్వాత పదిహేను రోజులకో మారు ఆయన టేపు పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "పడవలో పొయ్యి ఎంత ఎత్తులో పెట్టాలా?" అని అడిగేవారు. నేను తల ఎత్తకుండానే, "ఓడేదాంట్లో పొయ్యెందుకు?" అనేదాన్ని. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నా కోపమంతా ఆ పడవ మీద చూపించాను. ఆయన అడుగుతున్నది పొయ్యి గురించి కాదని నాకు తెలుసు. నువ్వు వస్తావా అని ఆయన నోటితోనే అడగాలని నా పట్టుదల. ఆ మాట ఆయనకు నోరు తిరగదు. పెళ్ళిచూపుల్లో కూడా వాళ్ళ నాన్న చేత అడిగించిన మనిషి.

పని మటుకు ఆగలేదు. పాత రంగు పొరలు పొరలుగా గీకడం, ఫైబరు మీద లేచిన బుడగలన్నీ చిదిమి ఒక ఎండాకాలమంతా ఆరబెట్టి మళ్ళీ పూడ్చడం, తుప్పుపట్టిన డీజిలు ఇంజను విప్పి గోనెసంచి మీద పరచడం, ఇవన్నీ నేను దూరం నుంచే చూశాను. ఫైబరు పొడి దురదకు ఆయన బట్టలు వేరుగా ఉతకాల్సి వచ్చేది, ఉతుకుతూ గొణిగేదాన్ని. కృష్ణగిరిలో లారీ టార్పాలిన్లు కుట్టే సాయిబు తెరచాప కుట్టి ఇచ్చాడు, అంచుకు లారీ పట్టాలకు వేసే ఇత్తడి రింగులే వేశాడు. ఇంకా పైకి ఎత్తని తెరచాప స్తంభం తోటలోని షెడ్డు పొడుగునా పడుకుని ఉంటే మామిడికాయలు కోయడానికి వచ్చిన ఆడవాళ్ళు దాని మీద చీరలు ఆరవేసుకునేవాళ్ళు. అత్త మాత్రం ముందువైపున బూడిద గుమ్మడికాయ కట్టించి, ఓడేదైనా మనదే కదా, దిష్టి తగలకూడదు అన్నది.

ఏడాదికల్లా పని అయిపోయింది. అయినా ఆయన ఆపలేదు. వేసిన వార్నిషు గీకి మళ్ళీ వేశారు, ఒకే అల్మర తలుపు మూడు మార్లు మార్చారు, పడవ పొట్ట కింద గోనెపట్టా పరుచుకుని మోకాళ్ళ మీద కూర్చుని, నున్నగా ఉన్నదాన్నే రుద్దుతూ ఉండేవారు. ఈయనకు పిచ్చి ముదిరిందనే అనుకున్నాను. అట్లా ఇంకో ఏడాది గడిచింది.

నీళ్ళలో దించేముందు ఒకసారి చూసి చెప్పమని, నలభయ్యేళ్ళు సముద్రం మీద తిరిగిన ఒక ముసలాయనను పుదుచ్చేరి నుంచి పిలిపించారు. ముసలాయన పడవ చుట్టూ తిరిగి చూసి, ప్రతి అతుకూ తట్టి, మెచ్చుకుంటూ లోపలికి దిగాడు. నేను మజ్జిగ లోటాలు పట్టుకుని నిచ్చెన కింద నిలబడి ఉన్నాను. లోపల ఉన్నట్టుండి ఆ ముసలాయన పెద్దగా నవ్వడం వినిపించింది. వంటగట్టుకు మా ఆయన గ్రానైటు వేసి ఉన్నారు. కృష్ణగిరి వాళ్ళకు వంటగట్టంటే నల్లరాయే, వేరే ఆలోచన రాదు కదా, పాలిష్ పట్టే చోట మందమైన పలక ఒకటి ఏరుకొచ్చి, నలుగురు కూలీలతో పైకెక్కించి, ఒకవైపు అతికించేశారు. అంత బరువు ఒకే పక్కన ఉంటే పడవ నీళ్ళలో దిగీదిగగానే ఆ పక్కకే ఒరుగుతుందని, రాయి తీసేయక తప్పదని ముసలాయన అరవంలో చెప్పాడు. మా ఆయన ఒప్పుకోలేదు. కావాలంటే ఇంత రాయే రెండో పక్కనా వేస్తాను గాని ఇది తియ్యను అన్నారు. నీకు కావలసింది పడవా, బంగళావా అని ముసలాయన అడిగితే, మా ఇంట్లో గట్టు ఎత్తు నేను కొలిచి వచ్చినాను, ఆమెకు ఆ ఎత్తూ ఆ రాయే అలవాటు అన్నారు.

నేను లేనప్పుడు కొలిచి ఉంటారు. నా జవాబు కోసం చూసి చూసి, రాకపోయేసరికి, నా వంటింటినే అడిగి తెలుసుకున్నారన్నమాట. లోటాలు కింద పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎత్తి చెక్కుకుని, రెండేళ్ళలో మొదటిసారి ఆ నిచ్చెన ఎక్కాను. లోపల వార్నిషు వాసన, పక్కన చిన్న అర, గోడకు నా పోపులపెట్టె పట్టేటంత గూడు. గట్టు ముందర నిలబడి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. నాకు ఏడుపొచ్చింది. మా ఆయనతో సూటిగా మాట్లాడడం చేతకాక, ఆ ముసలాయన వైపు తిరిగి, "ఈ రాయి తీసేసి చెక్కపలక ఎయ్యమను పెద్దాయనా. రెండు వేళ్ళు కిందికి దించమను. నా నడుము ఇప్పుడు మునుపటి మాదిరి లేదు" అన్నాను. ముసలాయనకు తెలుగు రాదు. తెలిసిన మనిషి మాత్రం ఆ రోజే సుత్తీ ఉలీ తీసుకుని కూర్చున్నారు.

పుదుచ్చేరి దగ్గర నీళ్ళ మీద ఎనిమిది నెలలు ఉన్నాం. భయపడతాననుకున్న నేను మూడో రోజుకే గంజి వార్చుకుంటూ పాటలు పాడుకున్నాను, మా ఆయన వారం రోజులు వాంతులతో మూలన పడుకున్నారు. పొద్దున్నే ఉప్పుగాలిలో ఇద్దరం కాళ్ళు చాచుకుని కాఫీ తాగేవాళ్ళం, నాతో అన్ని కబుర్లు ఆయన ఆ ముప్పయ్యారేళ్ళలో చెప్పలేదు. అంతలో ఆయన మోకాళ్ళు మొరాయించాయి. పడవలోంచి గట్టుకు దిగాలంటే ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సి వచ్చేది. ఏళ్ళ తరబడి గట్టినేల మీద మోకాళ్ళు ఆనించి ఏం పని చేశారని డాక్టరు అడిగాడు. దీపావళి నాటి ఐప్పసి వానలు పట్టకముందే పడవను ఒక వయసులో ఉన్న జంటకు అమ్మేసి హోసూరుకు వచ్చేశాం.

ఆ రెండో ఏడాది పడవకు చేసిన పని పని కాదని, అది నా కోసం ఎదురుచూడడమని నాకు అర్థమయ్యేసరికి ఆ మోకాళ్ళు పోయాయి. వస్తానన్న ఆ ఒక్కమాట నేను ముందే అని ఉంటే ఎనిమిది నెలలు ఇరవై నెలలయ్యేవేమో. మా మనవరాలు మొన్న చేసుకోబోయే అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని యాడ ఉందాం, ఎట్ల ఉందాం అని వేళ్ళు మడిచి మరీ అడుగుతుంటే, ఇదేం చోద్యమని మా వదిన ముక్కున వేలేసుకుంది. నాకు అసూయగా అనిపించింది. మా కాలంలో అడగకపోవడం మగతనం అనుకున్నారు, చెప్పకపోవడం పౌరుషం అనుకున్నాం.

ఇప్పుడు ఆయన ముందుగదిలో మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటారు. ఆయన నోరు తెరిస్తే చాలు, పూర్తిగా వినకుండానే సరే అనడానికి నేను తయారుగా ఉన్నాను. ఆయనే ఏమీ అడగడం లేదు.