పిట్టకు పెట్టిన బీరు

సౌదీలోని హుఫూఫ్‌లో ఉన్నప్పుడు ఒకసారి బీరు చేశాను. తాగడానికి కాదు. నాకు బీరు పడదు, ఆ దేశంలో దానితో పట్టుబడితే ఏమవుతుందో కూడా బాగా తెలుసు. కంపెనీ గదిలో నా పక్క మంచం అతని తండ్రి జగిత్యాల దగ్గర పల్లెలో చనిపోయాడు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. దినాల నాడు ఆయన పేర పిట్టకు, అంటే కాకికి, పెట్టాలంటే బువ్వ, కోడికూరతోపాటు కల్లు ఉండాలి.

"కల్లు లేకుంట బాపుకు ఎట్ల పెడుదునన్నా?" అన్నాడు.

"ఇంటికే పోరాదు" అన్నాను విసుగ్గా.

"నువ్వెందుకు పోతలేవు?"

సౌదీలను చాలినంతమందిని పెట్టుకోలేదని మా కంపెనీ ఆ లెక్క చూసి రంగులు వేసే నితాకత్ పద్ధతిలో ఎరుపులో పడింది. మా తలకింతని సర్కారుకు కట్టాల్సిన లెవీ కూడా కట్టలేదు, అక్కడ ఉండనిచ్చే మా ఇకామా కార్డులు ఆగిపోయాయి. జరిమానా లేకుండా ఖురూజ్, అంటే దేశం విడిచే ముద్ర, కొట్టించుకుని ఇళ్లకు పొమ్మని సర్కారు గడువిచ్చింది. కానీ ఖురూజ్ అంటే ఆ వీసా పోయినట్టే. ఆకుపచ్చలో ఉన్న కంపెనీ ఏదో పిలుస్తుందని ఇద్దరం ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్లం. తండ్రి పోయిన కబురు వచ్చిన రోజు కూడా అతను అట్లాగే కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది.

అంతకుముందు రాబిగ్‌లో పనిచేసినప్పుడు ఒక ఫిలిప్పీన్స్ వెల్డరు చెప్పగా విన్నది గుర్తుకొచ్చింది. బకాలా కొట్టులో అమ్మే మత్తులేని బీరు, చక్కెర, రొట్టెల పిండిలో వేసే ఖమీర్. నీళ్ల క్యానులో అన్నీ కలిపి మూత పెట్టబోతే అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"మూతెందుకన్నా? గాలాడాలె. మా బాపు ఎన్నడన్న కుండకు మూత బెట్టిండా?"

"ఇది కల్లు గాదు, బీరు. గాలి తాకితే ఖరాబైతది."

"కల్లోల్ల ఇంట్ల పుట్టినోనికి చెప్తున్నవా?"

తండ్రి పోయినవాడితో ఏం వాదిస్తాం? మూతికి బట్ట కట్టి మంచం కింద పెట్టాం. గదంతా బేకరీ వాసన. ఎవరు తలుపు కొట్టినా నేను దుప్పటి అంచు కిందికి లాగి క్యాను కనపడకుండా చేసేవాణ్ణి. అతను మాత్రం వంగి నురగ చూసుకుని మురిసేవాడు.

దినాల నాడు పొద్దున మిద్దె మీద అన్నం, కూర, గ్లాసులో మా బీరు పెట్టాం. ఎంతసేపైనా పిట్ట వాలలేదు. ఊళ్లోనైతే అప్పుడు పోయినవారి మనసులో ఏముందోనని ఇంటివాళ్లు ఒక్కో మాట ఇస్తారు.

"మాటియ్యి" అన్నాను.

"కొత్త కంపెనీల పని దొరుకుతది బాపూ. మంచిగ ఇల్లు గడత."

అయినా పిట్ట రాలేదు. అతను గ్లాసెత్తి ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "పులిసి సిర్కా అయిందన్నా. దీన్ని బాపు ముడుతడా?" అని అక్కడే కూలబడి ఏడ్చాడు. "వస్తున్న బాపూ. నేనే వచ్చి పోస్త."

పిట్ట వాలిందో లేదో నేను చూడలేదు. అతన్ని పట్టుకుని కూర్చున్నాను.

ఖురూజ్ కొట్టించుకుని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఫోను చేశాడు.

"కల్లు పోసినన్నా. మూత లేని కుండల."

"కాకి ముట్టిందా?"

"చానసేపు రాలే. 'ఇంటికొచ్చిన, ఇంకేం గావాలె బాపూ' అని అడిగిన. అయినా రాలే. 'ఆడనే ఉన్న మా అన్నను గూడ పిలిపిస్త బాపూ' అని నీ గురించి మాటిచ్చిన. గప్పుడొచ్చి ముట్టింది."

అది నిజమో, నన్ను కదిలించడానికి అన్నాడో అడగలేదు. గడువు ఇంకా ఉంది. అటక మీది నా పెట్టె కిందికి దించాను.