మీకేది ఒత్తుకోదు?

రాజపాళయంలో పొన్నురంగం ఎదురుపడితే "బాగుండారా" అని అడగడు. "మీకేది ఒత్తుకోదు?" అని అడుగుతాడు. ఒత్తుకోనిదంటే ఒంటికి పడనిది. వంకాయ తింటే దురద, పాలు తాగితే కడుపుబ్బరం, అట్లాంటివి. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళను కూడా వదలడు. సత్రపట్టి చేరేలోపల ముగ్గురి కడుపుల సంగతి తెలుసుకొనే దిగుతాడు.

తెలుసుకొని ఊరుకుంటే ఇందిరాణికి ఏ బాధా లేదు. వాళ్ళను భోజనానికి పిలుస్తాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క వంట. వండేది ఎవరయ్యా అంటే, ఇందిరాణి. పెండ్లయి ఇరవై ఎనిమిదేండ్లు. ఊరందరినీ అడిగిన ఈ మహానుభావుడు పెండ్లాన్ని మాత్రం ఒక్క తడవ కూడా అడిగిన పాపాన పోలేదు. అడిగితే చెప్పేదానికి ఆమె జవాబు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకునింది. "మీరే."

ఈ ఆదివారం సాయంత్రానికి నలుగురు. మేనల్లుడు బాలమురుగన్ జిమ్ముకు పోతాడు, వానికి అన్నం కూడదు. పక్కింటి రఘురామ మొక్కులో ఉన్నాడు, ఉల్లి వెల్లుల్లి కూడదు. ఎదురింటి పూంగొడికి బీపీ, ఉప్పే కూడదు. నాలుగో మనిషి ఇరులప్పన్. మిల్లులో ముప్పై ఏండ్లు పొన్నురంగం పక్కనే కూర్చొని క్యారియర్ విప్పినవాడు. షుగరు ముదిరి పళ్ళన్నీ పీకేసినారు. అది మొదలు నలుగురిలో తినడం మానుకున్నాడు. మొన్న మనవరాలి పెండ్లిలో కూడా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకొని ఆకు ముందునుంచి లేచిపోయినాడంట.

ఆయనకు రాగి అంబలి అన్నాడు పొన్నురంగం. ఇందిరాణికి ఒళ్ళు మండింది.

"అందరి ఆకుల్లో అన్నీ వడ్డించి, ఆయన ముందర లోటా పెడతారా? ఆ మనిషి ఇంక మన గడప తొక్కుతాడా?"

పొన్నురంగం తల గోక్కున్నాడు. అంబలి కొంచెం ఎక్కువే కాచమన్నాడు.

ఇదీ ఆయన తెలివి. ఇందిరాణి పొద్దున్నించీ పొయ్యి ముందరే నిలబడింది. ఈ గరిటె ఆ గిన్నెలో పడకూడదు, ఆ మూత ఈ గిన్నెకు పెట్టకూడదు. మధ్యాహ్నానికి నడుము పడిపోయింది. నా బతుకంతా గరిటెలు కడిగేదానికే సరిపోయిందే దేవుడా అని చింతపండు పిసుకుతానే ఏడ్చింది. అది చాలదన్నట్టు, ఇంత చేసి ఆ ముసలాయన ఆకలితో పోతాడు.

ఏడు గంటలకు అందరూ ఆకుల ముందర కూర్చున్నారు. ఇరులప్పన్ చివర్లో, నోటికి తువ్వాలు. ఆకలి లేదు, ఊరికే చూసి పోదామని వచ్చినానన్నాడు. అప్పుడు వంటింట్లోనుంచి పొన్నురంగం ఉత్త చేతులతో వచ్చినాడు.

"మన్నించాల. ఇందిర అన్నిట్లోనూ రెండు తడవలు ఉప్పు వేసేసింది. ఏదీ నోట్లో పెట్టేట్టు లేదు. అంబలి ఒకటే మిగిలింది. అందరికీ అదే."

ఇందిరాణి చేతిలో గరిటెతోనే వంటింటి గడప దాటి వచ్చింది. ఇరవై ఎనిమిదేండ్లలో ఆమె చేతి ఉప్పుకు వంక పెట్టినవాళ్ళు లేరు. అంతలో పూంగొడి మెల్లగా అడిగింది.

"నా పప్పులో ఉప్పే వద్దన్నాను కదక్కా. దాంట్లో కూడానా?"

పొన్నురంగం ఫ్యాను వైపు చూస్తా నిలబడినాడు. ఇరులప్పన్ ఇందిరాణి వైపు చూసినాడు. ఆయనేం తెలివి తక్కువ మనిషి కాదు. ఇందిరాణి నిజం చెప్పిందా, ఆయన లేచిపోతాడు. ఆమెకు అప్పుడు అర్థమయింది, అంబలి మొగుడు ఎందుకు ఎక్కువ కాచమన్నాడో.

"దాంట్లోనే ఎక్కువ పడింది పూంగొడీ," అనింది ఇందిరాణి. "ఈ రోజు నా చెయ్యి నా మాట వినలేదు."

ఆకులు తీసేసి అయిదు లోటాలు పెట్టినారు. పూంగొడి లోటాలో మాత్రం ఉప్పు కలపలేదు. ఇరులప్పన్ కాసేపు అటూ ఇటూ చూసినాడు. అందరూ జుర్రుతా ఉండారు. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. రెండో లోటా ఆయనే అడిగినాడు. మూడోదానికి, "చెల్లీ, దీంట్లో మాత్రం ఉప్పు సరిగ్గా పడిందే" అని బోసినోటితో పెద్దగా నవ్వినాడు. ఇందిరాణి కూడా నవ్వక తప్పలేదు.

వాళ్ళు పోయినాక మొగుడూ పెండ్లాలు వంటింట్లో ఆకులేసుకొని కూర్చున్నారు. చుట్టూ ఎవరూ ముట్టని గిన్నెలు. పొన్నురంగం బెదురుతా బెదురుతా అడిగినాడు.

"ఇందిరా, నీకేది ఒత్తుకోదు?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో బయటికి రాలేదు.

"ఇప్పుడు గుర్తుకు రాలేదు. రేపు అడగండి," అని, పూంగొడి ఉప్పులేని పప్పంతా ఆయన ఆకులో కుమ్మరించింది.