లేడీస్ ఈజ్ స్లో డ్రైవింగ్ సార్

మా చిన్నప్పుడు కలలంటే నిద్రలో వచ్చేవే... పెద్దయ్యాక ఏమవ్వాలనుకుంటామో దాన్ని కూడా కల అంటారని ఆత్మకూరు హైస్కూల్లో మాకెవరికీ తెలియదు. మా ఇంగ్లిష్ సార్ వచ్చాకే తెలిసింది. నా కడుపుమంట కూడా అప్పుడే మొదలైంది.

సార్ రోజూ వనపర్తి నుంచి బస్సులో వచ్చేవారు. మేం ఎనిమిదో తరగతి. మన అభిప్రాయం ఇంగ్లిష్‌లో ఎట్లా చెప్పాలో ఆ వారమంతా నేర్పారు. 'ఐ థింక్' అని మొదలుపెట్టాలి... 'ఇన్ మై ఒపీనియన్' అంటే ఇంకా మర్యాద... 'ఐ వాంట్' అనే బదులు 'ఐ వుడ్ లైక్ టు' అనాలి. శనివారం ఒక్కొక్కరూ లేచి పెద్దయ్యాక ఏమవుతారో, ఎందుకో చెప్పాలి. అందరికంటే బాగా చెప్పినవాళ్ళు జనవరి ఇరవయ్యారున స్టేజీ మీద మాట్లాడతారు. ఒక్కరే.

ఆ ఒక్కరూ నేనే అనుకున్నాను. క్లాసులో ఫస్టు నేను మరి. మా అన్న పాత గైడులో 'మై యాంబిషన్' వ్యాసం ఉంటే, చాటలో బియ్యం చెరుగుతూ, బర్రెకు గడ్డి వేస్తూ మొత్తం బట్టీ పట్టాను. డాక్టరునై పేదలకు సేవ చేస్తానని... ఎక్కడా ఒక్క 'ది' కూడా జారిపోకుండా. స్టేజీ కోసమని చెంబులో నిప్పులేసి నా యూనిఫాం ముందే ఇస్త్రీ కూడా చేసుకున్నాను.

శనివారం లేచి గడగడా అప్పజెప్పాను. సార్ "గుడ్, కూర్చో" అన్నారు. అంతే. నాకంటే ముందు కొందరు డాక్టర్లయ్యారు, నా తర్వాతా అయ్యారు... అందరిదీ అదే గైడు.

అప్పుడు నా పక్కన కూర్చునే షాహీన్ లేచింది. వాళ్ళ నాన్నది బస్టాండ్ ముందు సైకిల్ రిపేరు దుకాణం, ఆయన్ని అబ్బా అని పిలిచేది. "వాట్ ఈజ్ యువర్ డ్రీమ్?" అని సార్ అడిగితే, పాపం, రాత్రి వచ్చిన కల గురించి అడుగుతున్నారనుకుంది.

"సార్, ఎస్టర్‌డే నైట్ ఐ డ్రైవింగ్ బస్. ఆత్మకూర్ టు వనపర్తి. అబ్బా ఫ్రంట్ సీట్. టికెట్ నో."

క్లాసంతా పడీ పడీ నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే. సార్ మాత్రం నవ్వలేదు. ఆడపిల్లలు బస్సు నడపగలరంటావా అని ఇంగ్లిష్‌లో అడిగారు. షాహీన్ చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"ఐ థింక్... యెస్ సార్. ఇన్ మై ఒపీనియన్, లేడీస్ ఈజ్ స్లో డ్రైవింగ్ సార్. నో యాక్సిడెంట్."

స్టేజీకి షాహీన్ అన్నారు సార్.

నాకు ఒళ్ళు మండిపోయింది. బెల్లు కొట్టాక సార్ వెనకాలే వరండాలోకి పోయి, 'లేడీస్ ఈజ్' తప్పు కదా, 'ఆర్' అనాలి కదా అన్నాను. సార్ ఆగారు.

"అవునమ్మా, తప్పే. ఆమెది నేను దిద్దుత. నీదాంట్ల దిద్దనీకె ఏం లేదు. కానీ గది నువ్వు అనుకున్నదేనా?"

నేను సంచి తీసుకుని గబగబా గేటు దాటాను.

ఇంటికొచ్చి అన్నం ముందు ముఖం ముడుచుకుని కూర్చుంటే అమ్మ సంగతంతా విన్నది. "ఆ పిల్ల బస్సు నడిపితే నీకేందే నొప్పి? నువ్వు గూడ ఎక్కి కూసో" అన్నది. దాంతో ఏడ్చేశాను.

జనవరి ఇరవయ్యారున షాహీన్ స్టేజీ ఎక్కింది. 'ఆర్' దగ్గర తడబడాలని ఎంత కోరుకున్నానో... తడబడలేదు. వాళ్ళ నాన్న గేటు దగ్గర నిలబడి గ్రీజు చేతులతోనే చప్పట్లు కొట్టాడు. స్కూల్లో పంచిన లడ్డూ నాకు సహించలేదు.

పోయిన నెల ఊరికి పోతూ వనపర్తి బస్టాండ్ బయట నిలబడి ఉంటే ఒక చిన్న వ్యాన్ వచ్చి ఆగింది. స్టీరింగ్ దగ్గర షాహీన్. ఆత్మకూరులో బట్టల దుకాణం పెట్టుకుందట. సరుకు తానే తెచ్చుకుంటుందట.

"ఎక్కు, ఇంటికాడ దింపుత" అంది.

ముందు సీట్లో కూర్చున్నాను. బండి ఎంత మెల్లగా నడిపిందంటే ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి. అబ్బా బతికున్నన్ని రోజులు ఆ ముందు సీటు ఆయనదేనట... గేరు మారుస్తూ నన్నడిగింది.

"డాక్టర్ అయితనంటివి కదనే... ఏమైతివి?"

హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటానని చెప్పాను. మంచిగుందా అని అడిగితే మంచిగనే ఉందన్నాను. ఆ మాట కూడా గైడులోంచి చదివినట్టే వచ్చింది.

నిజం చెప్తున్నా, ఇప్పటికీ నాకు అసూయే. వ్యాన్ చూసి కాదు... రాత్రి నిద్రలో వచ్చినదీ పగలు కోరుకున్నదీ ఆమెకు ఒకటే అయినందుకు.

ఇప్పుడు గైడులు లేవు. మా పాపకు ఫోన్‌లోనే ఇంగ్లిష్ క్లాసు. 'మై డ్రీమ్ ఈజ్...' అని గడగడా చెప్తుంది, ఒక్క తప్పుండదు. మొన్న ఆ పాత ప్రశ్నే దాన్ని అడిగాను, అది నువ్వు అనుకున్నదేనా అని. అది ఫోన్ పక్కన పెట్టి, "మరి నీదేంది మమ్మీ?" అంది. 'ఐ థింక్...' అని అక్కడే ఆగిపోయాను.

మీ క్లాసులో లేచి నిలబడి మీరేమవుతామని చెప్పారు? గైడులోది కాదు, మీరు అనుకున్నది రాయండి... తప్పులుంటే నేను దిద్దుతాను. నాకు వచ్చింది అదొక్కటే.