అలిగిన తలుపు

నా చిన్నప్పుడు ఒక పెళ్ళికొడుకును కారులో బంధించాను. కావాలని కాదు. కావాలని చేయడానికి కొంత తెలివి ఉండాలి, అది అప్పట్లో నా దగ్గర లేదు. ఇప్పుడు ఉందా అంటే, మా ఇంటావిడను అడగకండి.

మా మేనమామకు బాన్సువాడలో ఒక పాత కారు ఉండేది. ఎవరి పెళ్ళికైనా, ఎవరి దవాఖానకైనా అదే కిరాయికి పోయేది. దానికి నాలుగు తలుపులు ఉన్నాయని పేరేగానీ పనిచేసేవి మూడే. వెనక కుడివైపు తలుపును మామ ఎప్పుడో తాడుతో బిగించి కట్టేశాడు. ఎడమవైపు తలుపు బయటి నుంచి బాగానే తెరుచుకునేది. లోపలి పిడిని, తలుపు అంచున ఉండే కొక్కేన్ని కలిపే ఇనప కడ్డీ తుప్పు పట్టి విరిగిపోతే, మామ దాని బదులు సైకిల్ బ్రేకు వైరు వేశాడు. ఎండాకాలం సెలవులకు నేను వెళ్ళేసరికి ఆ వైరు కూడా పోగులు పోగులుగా తెగి, అవ్వ జడలా ఉంది.

మర్నాడు వర్ని వైపు ఒక పెళ్ళి ఉంది. ఇగ తప్పదని మామ ఇంటి ముందు వేపచెట్టు నీడలో కారు ఆపి, ఆ తలుపు లోపలి అట్ట విప్పాడు. అట్ట విప్పాలంటే ముందు అద్దం దించే పిడి ఊడదీయాలి. దాన్ని పోగొట్టకుండా దాచే బాధ్యత నాది. భద్రంగా నిక్కరు జేబులో వేసుకున్నాను. అంత భద్రంగా వేసుకున్నాను కాబట్టే అది మర్నాటి దాకా అక్కడే ఉంది.

కొత్త వైరు ఒక కొసకు చిన్న గుండు ఉంటుంది, అది పిడి గాడిలో కూర్చుంటుంది. రెండో కొసను కొక్కెం దగ్గర నట్టు కింద నొక్కి బిగించాలి. మామ చేతులు లావు, ఆ సందులో పట్టవు. నా చేయి పట్టింది. దానితో నేను మెకానిక్కునైపోయానని నాకు అనిపించింది.

మామకు ఒక నియమం ఉండేది. పని అయ్యాక తలుపు మూయకూడదు. తెరిచి ఉండగానే స్క్రూడ్రైవరుతో కొక్కేన్ని లోపలికి నొక్కి, మూసినట్టు చేసి, అప్పుడు లోపలి పిడి లాగి చూడాలి. కొక్కెం టక్కున విడితే సరి. "మూసినంక చూసుడు చూసుడు గాదురా, మొక్కుడు" అనేవాడు.

ఇంతలో అత్తమ్మ తిండికి పిలిచింది. మామ చేతులు కడుక్కోవడానికి పోతూ, నట్టు బిగించు, కొక్కెం చూడు అని చెప్పాడు. నేను నట్టును వేళ్ళతో తిప్పాను. పానా తీసుకోవాలంటే కారు చుట్టూ తిరిగి అవతలికి పోవాలి, అవతల ఎండ ఉంది, ఇంట్లోంచి మామిడికాయ పప్పు వాసన వస్తోంది. తలుపు మూశాను, బయటి నుంచి తీశాను. తెరుచుకుంది. ఇంకేం కావాలి? తిని వచ్చిన మామ అట్ట బిగిస్తూ ఒకే మాట అడిగాడు.

"చూసినవారా?"

"చూసిన మామా."

నా జీవితంలో నేను చెప్పిన అతి పొట్టి అబద్ధం అది. దాని తోక మాత్రం వర్ని దాకా పొడుగు.

మర్నాడు పెళ్ళికొడుకుతో బయలుదేరాం. నేను ముందు సీట్లో, మామ పక్కన. వెనక పట్టుపంచె, బాసింగం, మెడ దాటి ముక్కు దాకా వచ్చిన పూలదండలతో పెళ్ళికొడుకు, అతని ఒళ్ళో తలపెట్టి నిద్రపోతున్న తోడు పెళ్ళికొడుకు. కాలువ వెంట పచ్చటి పొలాల మధ్య పోతూ పోతూ కారు వేడెక్కింది. ఊరి మొదట్లో ఎదురుకోలు. బాజాలు, షర్బతు బిందె, పందిరి కింద ఆడపిల్ల తరఫువాళ్ళంతా నిలబడి ఉన్నారు. మామ బండి ఆపి డబ్బా తీసుకుని నీళ్ళకు కాలువ గట్టుకు పోయాడు. నేను షర్బతుకు పోయాను. ఎవరి దాహం వాళ్ళది.

ఆ ఇంటివాళ్ళకొక పట్టింపు ఉంది. అల్లుడు తనంతట తనే తలుపు తీసుకుని దిగాలి, దిగినాకే కాళ్ళకు నీళ్ళు, చేతికి షర్బతు. తలుపు మనం గుంజితే అల్లుణ్ణి బలవంతాన దించినట్టు అంటారు వాళ్ళు. కాబట్టి అందరూ చెంబులు, గ్లాసులు పట్టుకుని మర్యాదగా ఎదురుచూశారు. అల్లుడు దిగలేదు. పెళ్ళికూతురి తండ్రి వంగి రమ్మని పిలిచాడు. అల్లుడు లోపలి నుంచి చేయి ఊపాడు. తలుపు తీయండి అని అతని భావం. వద్దు, ఇది చాలదు అని వీళ్ళకు అర్థమైంది.

అలిగిన అల్లుణ్ణి మా వైపు పిల్లలు కూడా గుర్తుపడతారు. అలక తీరే దాకా కదలడు. కాబట్టి తలుపు రాక కూర్చున్న మనిషికీ, అలిగి కూర్చున్న మనిషికీ తేడా అక్కడ ఎవరికీ కనిపించలేదు. అద్దం దించుదామంటే దించే పిడి లేదు. అరుద్దామంటే బాజాల మోత, పైగా పెళ్ళికొడుకు అరిస్తే ఏం బాగుంటుంది. సీటు దూకి ముందుకు వద్దామంటే ఆ దండలు, ఆ పంచె, ఒళ్ళో ఆ పిల్లవాడు.

నాకు మాత్రం తెలిసింది. అతను లోపలి పిడిని లాగుతున్నాడు. పిడి అవ్వ పన్నులా ఊగుతోంది. నా నిక్కరు జేబులో ఏదో తొడకు గుచ్చుకుంది. చేయి పెట్టి చూస్తే అద్దం దించే పిడి. నా చేతిలోని షర్బతు ఒక్కసారిగా చేదెక్కింది.

పోయి చెప్పాలి. చెబితే, నిన్న చూశానన్న మాట అబద్ధమని మామకు తెలుస్తుంది. అందుకని దేవుడు చూసుకుంటాడులే అని నిలబడ్డాను. మామ చెప్పిన మొక్కుడు అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది.

పెళ్ళికూతురి తండ్రి తన చేతి గడియారం విప్పాడు. ఎండకు నల్లబడ్డ ఆ చేతి మీద గడియారం ఉన్నంత మేర తెల్లటి పట్టీ ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. దాన్ని కారు అద్దానికి ఆనించి చూపించాడు. పెళ్ళికొడుకు పాపం రెండు చేతులూ జోడించాడు, తల అడ్డంగా ఊపాడు. మాకంటే ముందే చేరిన మగపెళ్ళివాళ్ళలో పెద్దమనిషి ఒకాయన మీసం దువ్వుతూ, "మా పిల్లగాడు గడియారానికి దిగేటోడు గాదు బావా" అన్నాడు. అందరూ నవ్వారు, ఆ తండ్రి తప్ప.

ఆయన గడియారాన్ని అద్దం మీంచి దించాడు. తరవాత గొంతు సవరించుకుని, "మొన్ననే ఈనిన బర్రె ఉన్నది..." అని మొదలుపెట్టాడు. పందిరి కింద ఒక ముసలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా పక్కనున్న ఆడమనిషి, వాళ్ళింట్ల పాడికి గా ఒక్క బర్రెనే గదనే అని ఇంకొకామెతో గుసగుసలాడింది. ఆయన నోటి నుంచి ఇస్తాను అన్న మాట ఇంకా రాలేదు. వస్తే మాత్రం వెనక్కి పోదు, పది మందిలో అన్న మాట.

నేను గ్లాసు వదిలేసి ఉరికాను. చెంబులవాళ్ళ మధ్య నుంచి దూరి, బయటి నుంచి తలుపు పట్టి గుంజాను. పూలదండలు ముందు, పెళ్ళికొడుకు వెనక, ఇద్దరూ నా మీద పడ్డారు.

"ఎవడ్రా నువ్వు!" అని మీసాలాయన నా చెవి పట్టుకున్నాడు. జేబులోంచి పిడి తీసి చూపించాను. ఆ పిడి ఏమిటో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు, ఒక్క మనిషికి తప్ప. మామ నీళ్ళ డబ్బాతో గట్టు ఎక్కి వస్తున్నాడు. నా చేతిలో పిడి చూశాడు. తలుపు లోపలి పిడి పట్టుకుని ఒకసారి లాగాడు, వదిలాడు. నా వైపు చూడలేదు. అందరి వైపు తిరిగి, "తప్పు నాదయ్యా. తలుపు నేనే సరిగ చెయ్యలే. లోపల నుంచి రాదు. పిల్లగాని చెవి ఇడువుండ్రి" అన్నాడు. బాన్సువాడ నుంచి డోంగ్లి దాకా పనిమంతుడని పేరున్న మనిషి ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియదు.

పెళ్ళికొడుకు షర్బతు గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగి, "నేను అలగలే మామా, తలుపు అలిగింది" అన్నాడు మామగారితో. ఈసారి అందరితోపాటు ఆయన కూడా నవ్వాడు. ఆ గడియారాన్ని అల్లుడే తిరిగి ఆయన చేతికి కట్టాడు, సరిగ్గా ఆ తెల్లటి పట్టీ మీద. బర్రె మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా మామ తిడతాడని కాచుకుని కూర్చున్నాను. తిట్టలేదు. తిట్టకపోతే ఎంత నొప్పో, తిట్లు తిన్నవాళ్ళకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే వేపచెట్టు నీడలో కారు ముందు అద్దాలు దించి, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, ఒళ్ళో పానా, స్క్రూడ్రైవరు పెట్టి, తలుపు మూశాడు. ముందు సీటు దూకి దిగితే లెక్కలోకి రాదట. ఈ తలుపులోంచే దిగాలట. తను నులక మంచం మీద కూర్చుని, "దిగుండ్రి అల్లుడుగారూ. ఏం గావాలె? గడియారమా, బర్రెనా?" అని మొదలుపెట్టాడు. మేనల్లుణ్ణి కదా, ఆ పిలుపు న్యాయంగానే నాకు చెందుతుంది. పక్కింటి అక్క కూడా వచ్చి గోడ మీద చేతులు పెట్టుకుని, "అయ్యో, అలిగిండా?" అని అడిగింది.

అట్ట విప్పాను. చేయి దూర్చి వెతికి, జారిపోయిన వైరు కొస పట్టుకుని, నట్టు కింద పెట్టి, ఈసారి పానాతో, చేయి గీసుకుపోయేదాకా బిగించాను. మధ్యలో అత్తమ్మ ముందు అద్దంలోంచి జొన్నరొట్టె అందించింది. మామ చూడనట్టు అటు తిరిగాడు. ఆయన దేన్నైనా చూడలేదంటే అది కావాలనే.

పిడి లాగాను. తలుపు తెరుచుకుంది. కాళ్ళు కింద పెట్టాక ఏడుపొచ్చింది. నిన్న తప్పు నాదైతే నీదని ఎందుకన్నావు మామా అని అడిగాను. ఆయన ఆలోచించకుండానే చెప్పాడు.

"నువ్వు చూడకనే చూసిన అన్నవు. నువ్వు చూసినవో లేదో నేను చూడలే. బండి నాది, తలుపు నాది. మరి తప్పు ఎవనిదిరా?"

ఆ మాట నాతోనే ఉండిపోయింది. గ్యాసు కట్టేశానా, తాళం వేశానా, రాసిన కాగితంలో తప్పులున్నాయా, ఏదైనా సరే, చూశాను అనే ముందు మళ్ళీ ఒకసారి పోయి చూస్తాను. మా ఇంటావిడ దీన్ని చాదస్తం అంటుంది. ఇంకొకరిని "పని చూశావా" అని అడిగిన ప్రతిసారీ నేనూ వెంట పోయి చూస్తాను. దీన్ని ఆఫీసులో ఏమనేవాళ్ళో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఈ మధ్య నా కారు వెనక తలుపు లోపలి పిడి వదులైపోయింది. లోపల కేబుల్ తెగింది. రెండు రోజులు బండి వదిలిపెట్టమన్నాడు మెకానిక్కు. కొత్త కేబుల్ కొనుక్కొచ్చి ఇంటి ముందే మొదలుపెట్టాను. ఇప్పుడు మామకు ఎనభై దాటాయి, అత్తమ్మతో కలిసి మా ఇంటికి వచ్చి ఉన్నాడు. కుర్చీ వేయించుకుని నీడలో కూర్చుని అన్నీ చెప్పాడు, నేను చెప్పింది ఒక్కటీ వినిపించుకోలేదు. స్క్రూలు విప్పి, అట్ట ఊడదీసి, పాత కేబుల్ తీసి కొత్తది వేశాను. కొసన అదే చిన్న గుండు, గుర్తుపట్టి పలకరించినట్టే ఉంది. తలుపు తెరిచి ఉంచే, కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి పిడి లాగాను. టక్కుమంది. రెండోసారి. మూడోసారి.

"చూసినవారా?" అన్నాడు మామ.

"నువ్వే చూడు మామా" అని ఆయన్ను చేయి పట్టి వెనక సీట్లో కూర్చోబెట్టాను. ఇప్పటి కార్లలో తలుపు అంచున పిల్లల కోసమని ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని కిందికి నొక్కితే లోపలి పిడి ఎంత లాగినా తలుపు రాదు. ఆ సంగతి మామకు తెలియదు. మీట నొక్కి తలుపు మూశాను.

ఆయన పిడి లాగాడు. మళ్ళీ లాగాడు. నా పనితనం మీద ఆయనకున్న అనుమానమంతా మొహం మీదికి వచ్చింది. అప్పుడు నేను నా చేతి గడియారం విప్పి, దించి ఉన్న అద్దంలోంచి లోపలికి చాపాను.

"దిగు మామా. ఏం గావాలె? గడియారమా, బర్రెనా?"

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. గడియారాన్ని చూశాడు. తరవాత తీరిగ్గా వెనక్కి ఆనుకుని, కాలు మీద కాలు వేసుకుని, ఇంటి వైపు తిరిగి కేకేశాడు.

"ఏమే, అల్లుడు నన్ను అలగమంటుండు. రొట్టె గిట్ల అద్దంలకెల్లి అందియ్యి!"

అత్తమ్మ నిజంగానే తెచ్చింది. ఆయన నీడలో, మెత్తటి సీట్లో కూర్చుని రొట్టె మొత్తం నమిలి నమిలి తిన్నాడు. ఎండలో తలుపు పట్టుకుని నిలబడింది నేను.